జాడా డి లారెంటిస్ నిజంగా చెఫ్ అనిపించుకోవచ్చా?

పాస్తాపిచ్చి:
ఈమధ్య అమెరికా టీవీలో వంటలు చేసే జాడా పాత వంటల షో ఎవ్రీడే ఇటాలియన్ ఎపిసోడ్లు వరసపెట్టి చూసేస్తున్నా. ఏ వీడియో కింద చూసినా ఒకటే గొడవ, ఈవిడ ఏనాడూ హోటల్ వంటింట్లో గరిటె పట్టలేదు, తాత పేరు చెప్పుకుని టీవీలోకి వచ్చేసింది, నవ్వడం తప్ప ఏమీ రాదు అని. తాతగారు సినిమా నిర్మాత డీనో డి లారెంటిస్ అని తెలుసు. మిగతాదాంట్లో ఎంత నిజముందండీ? ఆ షో వచ్చిన ఫుడ్ నెట్‌వర్క్ ఛానల్‌ని ఎందుకు వదిలేసింది?

అర్ధరాత్రివంట:
గరిటె పట్టలేదన్నది పచ్చి అబద్ధం. 1970లో రోమ్‌లో పుట్టింది, చిన్నప్పుడే అమెరికా వచ్చేశారు, లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏ యూనివర్సిటీలో ఆంత్రొపాలజీ (మానవ సమాజాల గురించి చదివే శాస్త్రం) చదివి ఆ తర్వాత పారిస్ వెళ్లి ల కోర్డాన్ బ్లూ అనే పేరున్న వంట స్కూల్లో వంట నేర్చుకుంది (ఇటాలియన్ వంటకి పేరుపడ్డ మనిషి చదువు ఫ్రాన్స్‌లో, అదో తమాషా). తిరిగొచ్చాక పేరున్న చెఫ్ వుల్ఫ్‌గ్యాంగ్ పక్ నడిపే స్పాగో రెస్టారెంట్‌లో పనిచేసి, సొంతంగా కేటరింగ్ పెట్టుకుంది. ఫుడ్ అండ్ వైన్ పత్రికలో వాళ్ల కుటుంబం గురించి వచ్చిన వ్యాసం చూసి ఛానల్ వాళ్లు పిలిచారు, 2003లో షో మొదలైంది. తాత పేరు పనికిరాలేదని నేననను, మామూలు కేటరింగ్ అమ్మాయి ఇంటి భోజనాల గురించి ఏ పత్రిక రాస్తుంది? కానీ పేరు చూసి ఒక సీజన్ ఇస్తారేమో గానీ ఇరవై ఏళ్లు ఇవ్వరు కదా. 2008లో డేటైమ్ ఎమ్మీ (అమెరికా టీవీ అవార్డు) కూడా వచ్చింది.

సుత్తివద్దు:
ఆ ఎమ్మీ లైఫ్‌స్టైల్ హోస్ట్ విభాగంలో వచ్చింది బ్రో, వంటకి కాదు. చెఫ్ అంటే నాకు లిడియా బాస్టియానిచ్. ఇప్పుడు క్రొయేషియాలో ఉన్న పూలాలో 1947లో పుట్టి, కుటుంబంతో సహా పారిపోయి ఇటలీలోని ట్రియెస్టేలో శరణార్థుల శిబిరంలో ఉండి, 1958లో అమెరికా చేరింది. భర్తతో కలిసి 1971లో న్యూయార్క్ క్వీన్స్‌లో మొదటి రెస్టారెంట్, 1981లో మన్‌హాటన్‌లో ఫెలీడియా. 1993లో అమెరికా టీవీ వంటల్లో పాతతరం దిగ్గజం జూలియా చైల్డ్ షోకి అతిథిగా వెళ్లింది, సొంత షో 1998లో పీబీఎస్‌లో (అమెరికా పబ్లిక్ టీవీ), అంటే యాభై దాటాక. జాడాది పూర్తిగా తిరగేసిన వరస, టీవీలో పదకొండేళ్లు వండాక 2014లో లాస్ వెగాస్‌లో మొదటి రెస్టారెంట్ పెట్టింది.

అర్ధరాత్రివంట:
వరస తిరగేస్తే తప్పేముంది? ఆఫీసు నుంచొచ్చి అలిసిపోయినవాళ్లకి అరగంటలో ఏదో ఒకటి వండుకోవడం చూపించాలి, అది ఆ షో పని. దానికి కేటరింగ్ అనుభవం చాలు, నిజానికి అదే ఎక్కువ పనికొస్తుంది.

ఉప్పుసరిపోయిందా:
మీ ఇద్దరి గొడవలో పాపం అసలు ప్రశ్న సగం మిగిలిపోయింది. ఫుడ్ నెట్‌వర్క్ నుంచి 2023లో బయటికొచ్చింది, అదే టైమ్‌లో అమెజాన్ స్టూడియోస్‌తో ఒప్పందం కుదిరింది. జాడ్జీ అని సొంత సైట్ అప్పటికే ఉంది, అక్కడ రెసిపీలతో పాటు ఇటలీ పాస్తా, నూనెలూ అమ్ముతారు. నాకు అర్థమైనంతలో టీవీ చెఫ్‌కి ఛానల్ జీతం కన్నా సొంత సరుకు మీదే ధీమా. పుస్తకాలు, రెస్టారెంట్, సైట్ అన్నీ ఆ షో మీద లేచినవే, ఆ పేరు నిలబడ్డాక ఛానల్ మీద ఆధారపడే అవసరం తగ్గుతుంది.

పాస్తాపిచ్చి:
థాంక్స్ అందరికీ. లిడియాని ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి?

సుత్తివద్దు:
రిసోట్టోతో, అంటే ఇటాలియన్ అన్నం వంటకం. బియ్యం ఉల్లిపాయతో పాటు నూనెలో అంచులు అద్దంలా మెరిసేదాకా వేయించి, వైన్ పోసి, అది ఇంకాక మరిగే స్టాక్ (మాంసం లేదా కూరగాయలు ఉడికించిన రసం) గరిటెడు గరిటెడు పోస్తూ కలుపుతుంది, దించాకే వెన్న, చీజ్. చల్లటి స్టాక్ పోస్తే ఉడుకు ఆగిపోతుంది, అందుకే పక్క పొయ్యి మీద అది ఎప్పుడూ మరుగుతూనే ఉండాలి. వాళ్లమ్మ ఎర్మీనియా కూడా కొన్ని ఎపిసోడ్లలో కనిపిస్తుంది, అవి అస్సలు వదలకండి.