బీప్ వస్తే గురి వచ్చినట్టేనా? బాంబర్ గన్నర్లకు నేల మీద శిక్షణ గురించి

పాతఇనుము:
రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వాళ్లు బాంబర్ గన్నర్ల (బాంబులేసే విమానంలో మెషిన్ గన్ కాల్చేవాళ్ల) కోసం వాడిన వాలర్ ట్రైనర్ గురించి చదివాను. గోళం లోపలి వైపులా వంగిన తెర, ఐదు ప్రొజెక్టర్లు, ఎదురుగా డమ్మీ మెషిన్ గన్లు పట్టుకుని నలుగురు కుర్రాళ్లు. తెర మీద శత్రు విమానం దూసుకొస్తుంది, గన్ అదురుతుంది, గురి కుదిరితే చెవిలో బీప్. ఒక్క తూటా ఖర్చు లేదు. దీన్ని కనిపెట్టిన ఫ్రెడ్ వాలరే ఈ ఉపాయంతో 1952లో సినీరమా, అంటే మూడు ప్రొజెక్టర్లతో వెడల్పాటి వంపు తెర మీద వేసే సినిమా, తెచ్చాడు. గన్నర్ల శిక్షణలో ఇంతకంటే పనికొచ్చింది ఇంకోటి లేదని నా అభిప్రాయం. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

గేర్‌బాక్స్:
నేను కాదంటాను. 25 వేల అడుగుల ఎత్తు, మైనస్ 40 డిగ్రీల చలి, బి-17 బాంబర్ పక్క కిటికీ బార్లా తెరిచి ఉంటుంది, ముఖానికి ఆక్సిజన్ మాస్క్, కాళ్ల కింద దొర్లే ఖాళీ కాట్రిడ్జ్‌లు. గన్ జామ్ అయిందని గ్లవ్ తీసి ముట్టుకుంటే చర్మం ఇనుముకి అంటుకుపోతుంది. వెచ్చటి గదిలో బీప్‌లు వింటే ఇదంతా వచ్చేస్తుందా?

పాతఇనుము:
చలి నేర్పడానికి కాదండీ అది, గురి నేర్పడానికి. గన్ విప్పి బిగించడం కళ్లకు గంతలు కట్టి మరీ విడిగా నేర్పారు. అసలు చిక్కు గురిలోనే ఉంది. నేల మీద నిలబడి షాట్‌గన్‌తో ఎగిరే మట్టి పళ్లేన్ని కొట్టే స్కీట్ ఆటలో పళ్లెం కంటే ముందుకి గురిపెట్టాలి. బాంబర్‌లోంచి కాల్చే తూటాకి బాంబర్ వేగం కూడా తోడవుతుంది కాబట్టి, వంపు తిరుగుతూ మీదకొచ్చే శత్రు ఫైటర్ విమానానికీ మన తోకకీ మధ్యన గురిపెట్టాలి. అంటే ఫైటర్‌కి ముందు కాదు, వెనక. స్కీట్‌లో పడిన అలవాటుకి పూర్తిగా ఉల్టా.

నల్లబల్ల:
ఒక్క నిమిషం. కుర్రాళ్లను లారీ ఎక్కించి, లారీ నడుస్తుండగా పళ్లేలు కొట్టించారు కదా? అప్పుడు లారీ వేగం తూటాకి కలవదా? మరి స్కీట్ తప్పు నేర్పిందని ఎలా అంటారు?

పాతఇనుము:
లారీ వేగమెంత, బాంబర్ వేగమెంత! పైగా పళ్లెం మన మీదకి వంపు తిరిగి రాదు.

నల్లబల్ల:
వేగం తక్కువైతే ప్రభావం తక్కువ. సూత్రం అదే కదా. ఒప్పుకోండి.

చింతచిగురు:
హాలీవుడ్ హీరో క్లార్క్ గేబుల్ కూడా ఫ్లోరిడా టిండాల్ ఫీల్డ్‌లో గన్నరీ నేర్చుకున్నాడు. అంతే, చెప్పాలనిపించింది.

గేర్‌బాక్స్:
లారీ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. నేను హెవీ డ్రైవింగ్ నేర్పేవాణ్ని. మా దగ్గర సిమ్యులేటర్ పెట్టారు, దాంట్లో మార్కులొస్తే చాలన్నారు. ఫుల్ మార్కులొచ్చిన కుర్రాడు లోడు లారీతో ఘాట్ దిగుతూ బ్రేక్ మీద కాలు తీయలేదు. డ్రమ్ములు కాలి వాసన కొడుతుంటే పక్కన కూర్చున్న నేను అరిచి సెకండ్ గేర్ వేయించాల్సి వచ్చింది. ఆ తర్వాత కొన్నాళ్లకే నన్ను ఇంటికి పంపేశారు. తెర ముందు కూర్చుని రాసేవాళ్లకి ఈ వాసన తెలీదు.

పాతఇనుము:
ఉద్యోగం పోయిన కోపం 1943 నాటి యంత్రం మీద చూపిస్తే నేనేం చేయను?

గేర్‌బాక్స్:
కోపమే, కాదనను. మీరు జన్మలో ఒక్కడికైనా ఏదైనా నేర్పారా? నేర్పినవాణ్ని రోడ్డు మీదకి వదిలాక వాడు ఇల్లు చేరేదాకా ఉండే టెన్షన్ తెలుసా?

రాడార్‌తాత:
ఇద్దరూ కాస్త ఆగండి బాబూ. 1943 ఆగస్టు 17న జర్మనీ నగరాలు ష్వైన్‌ఫుర్ట్, రేగెన్స్‌బుర్గ్‌ల మీద దాడిలో అమెరికన్ గన్నర్లు 288 ఫైటర్లను కూల్చామని చెప్పారు. నిజంగా కూలినవి అందులో చిన్న భాగమే. ఒకే విమానం మీద పదిమంది కాలుస్తారు, అది కూలితే పదిమందీ నాదే అంటారు. అదే రోజు కూలిన బాంబర్లు 60. మళ్లీ అక్టోబర్ 14న ఇంకో 60. గన్నర్ల గురి బాగోలేక కాదు, బాంబర్లు తమను తామే కాపాడుకుంటాయన్న పై అధికారుల లెక్కే తప్పు. 1944లో మస్టాంగ్‌లు (అమెరికా ఫైటర్లు) లక్ష్యం దాకా తోడు వెళ్లడం మొదలయ్యాకే పరిస్థితి మారింది.

నల్లబల్ల:
అయితే స్కీట్ తప్పేం లేదన్నమాట.

గేర్‌బాక్స్:
తాతగారూ, నా కడుపులో ఉన్నదీ అదేనండీ. గురి కుదిరినా ఆ లెక్కలో బతకడం కష్టమని తెలిసి కూడా పంతొమ్మిదేళ్ల పిల్లాడి చెవిలో బీప్ మోగించి, నీకు వచ్చేసింది పో అన్నారు. నాకు ఎక్కడం లేదంటే అదే.

పాతఇనుము:
అబద్ధం చెప్పి పంపారంటారా? పైవాళ్ల లెక్క తప్పయినా వాడు ఎక్కక తప్పదు. ఎక్కేవాడికి ఆ కాస్త ధైర్యమైనా ఇవ్వకపోతే చేతులు వణికి ఇంకా త్వరగా చస్తాడు. ధైర్యం ఇవ్వడం మోసం కాదు.

గేర్‌బాక్స్:
నీకింకా రాలేదు, ఆగు అని చెప్పే మనిషి ఉండాలి. మార్కులు యంత్రం ఇవ్వడం మొదలుపెట్టాక నా మాట ఎవరూ వినలేదు. ఆ స్కూళ్లలో అలా చెప్పేవాడు ఉన్నాడా?

పాతఇనుము:
ఉన్నాడు. మొదట్లో యుద్ధం మొహం చూడనివాళ్లే చాలామంది నేర్పారు, నిజమే. తర్వాత ఐరోపాలో మిషన్లు పూర్తిచేసి తిరిగొచ్చిన గన్నర్లను ఇన్‌స్ట్రక్టర్లుగా తెచ్చారు.

గేర్‌బాక్స్:
వాళ్లు తిరిగొచ్చాక. అంతకుముందు వెళ్లినవాళ్ల గురించే కదా నేనడిగింది.