సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజను వణుకుతోంది: పాత పెట్రోల్ కారులో ఐడ్లింగ్ సమస్య

ప్రశ్న (హబ్సిగూడ నుంచి)

నా దగ్గర 2007లో కొన్న 1.1 లీటరు పెట్రోల్ కారు ఉంది. నాలుగు సిలిండర్ల ఎంపీఎఫ్ఐ ఇంజను (ఒక్కో సిలిండరుకు ఒక్కో ఇంజెక్టరు పెట్రోలు చిమ్ముతుంది), గ్యాస్ కిట్ లేదు. కొంతకాలంగా సిగ్నల్ దగ్గర న్యూట్రల్‌లో ఆగినప్పుడల్లా మిస్సింగ్ కొడుతోంది, అంటే ఏదో సిలిండరు సరిగా మండనట్టు ఇంజను తడబడుతోంది. ఆర్పీఎం ముల్లు 600కూ 900కూ మధ్య ఊగుతోంది, ఏసీ వేస్తే ఆ వణుకు స్టీరింగు దాకా వస్తోంది, కొద్దిగా రేస్ ఇచ్చి 1500 దగ్గర నిలిపితే మాత్రం ఏ తేడా తెలియడం లేదు. ఇంజను వేడెక్కిన తరువాత కూడా ఇదే పరిస్థితి. చెక్ ఇంజన్ లైటు వెలగడం లేదు. ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టరు కొత్తవి వేయించాను. ఒక వర్క్‌షాపువారు నాలుగు ఇంజెక్టర్లూ మార్చాలంటున్నారు. అంత ఖర్చుకు దిగేముందు ఏమేం చూసుకోవాలో తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం (మల్కాజిగిరి నుంచి)

ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. మీ కారు తయారైననాడు అందులోని రబ్బరు గొట్టాలను ఆ ఇంధనాన్ని దృష్టిలో పెట్టుకొని చేయలేదు కనుక వాటిని ఒకసారి చూపించండి. ఇంజను మౌంటింగులు కూడా చూడాలి.

సమాధానం (రాణిగంజ్‌లో మెకానిక్)

మౌంటింగులు చితికిపోతే వణుకు వస్తుంది కానీ ముల్లు ఊగదు. ఇక ఇథనాల్ వల్ల గాలి, పెట్రోలు మిశ్రమం కొంత పల్చబడే మాట నిజమే అయినా, వేడెక్కిన ఇంజనులో ఆక్సిజన్ సెన్సరు దానిని చాలావరకు సరిదిద్దుతుంది. మీకు వేడి మీద కూడా మిస్సింగ్ ఉంది కాబట్టి తప్పంతా పెట్రోలు మీదికి నెట్టలేము.

అసలు ఆధారం మీ ప్రశ్నలోనే ఉంది: రేస్ ఇస్తే తేడా తెలియడం లేదన్నారు. ఐడ్లింగ్‌లో, అంటే రేస్ ఇవ్వకుండా ఇంజను నడిచేటప్పుడు, థ్రాటిల్ (గాలిని లోపలికి వదిలే తలుపు) దాదాపు మూసుకొని ఉంటుంది కనుక మానిఫోల్డ్‌లో (సిలిండర్లకు గాలిని పంచే గొట్టాల్లో) వాక్యూమ్ బలంగా ఉండి, ఎక్కడ చిన్న సందు దొరికినా బయటి గాలిని లోపలికి లాగుతుంది. రేస్ ఇచ్చినప్పుడు ఇంజను తీసుకొనే మొత్తం గాలిలో ఆ దొంగగాలి వాటా నామమాత్రమవుతుంది. స్పార్క్ బలహీనపడితే కథ వేరు, అది బరువు మీద బయటపడుతుంది. తార్నాక ఫ్లైఓవర్ మూడో గేరులో ఎక్కేటప్పుడు జెర్కులు లేకపోతే కాయిల్, ప్లగ్ వైర్ల మీద అనుమానం తగ్గించుకోవచ్చు.

ఇంజెక్టర్ల మాట అటుంచి, ముందు మీ పొల్యూషన్ సర్టిఫికెట్ తీసి చూడండి. దానిని పోలీసులకు చూపించే కాగితంగానే చూస్తారు గానీ అందులో సగం రోగనిర్ధారణ ఉంటుంది. మీ కారులాంటి బీఎస్-3 (భారత్ స్టేజ్-3 కాలుష్య ప్రమాణాల) పెట్రోల్ కారుకు ఐడ్లింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.5 శాతం, హైడ్రోకార్బన్లు 750 పీపీఎం దాటకూడదు. మోనాక్సైడ్ తక్కువగా ఉండి హైడ్రోకార్బన్లు పెరిగితే ఏదో ఒక సిలిండరులో పెట్రోలు కాలకుండానే బయటికి పోతోందని అర్థం. రెండూ పెరిగితే పెట్రోలు ఎక్కువ పడుతోంది, అప్పుడు ఇంజెక్టర్ల గురించి ఆలోచించాలి.

తరువాత ఇంజను ఆన్‌లో ఉండగా ఇంజెక్టర్ కనెక్టర్లను ఒక్కొక్కటిగా తీసి, మళ్లీ పెడుతూ రండి. మంచి సిలిండరుది తీస్తే శబ్దం వెంటనే కుంగుతుంది, చెడ్డదానిది తీస్తే తేడా తెలియదు. కొందరు ఇందుకు ప్లగ్ వైర్లను లాగుతారు, అది వద్దు; షాక్ కొట్టడమే కాక కాలని పెట్రోలు పొగను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టరులోకి చేరి దానిని పాడుచేస్తుంది. మానిఫోల్డ్‌లోని వాక్యూమ్‌ను కొలిచే గేజ్ పెట్టించగలిగితే మరీ మంచిది. అయితే పుస్తకాల్లో రాసిన 18 నుంచి 21 అంగుళాలు (పాదరసం లెక్కలో) సముద్రమట్టానికి చెప్పిన లెక్క. మన హైదరాబాదు 500 మీటర్లకు పైగా ఎత్తున ఉంది కనుక ఇక్కడ అంగుళంన్నర, రెండంగుళాలు తక్కువ చూపినా దోషం కాదు.

ప్రశ్న వేసినవారు

ధన్యవాదాలండీ. సర్టిఫికెట్‌లో హైడ్రోకార్బన్లు 690, మోనాక్సైడ్ 0.2 అని ఉంది. మూడో సిలిండరు కనెక్టరు తీసినా ఇంజనులో చలనం లేదు. ఆ ప్లగ్గును రెండో దానిలోకి మార్చినా మిస్సింగ్ మూడులోనే ఉండిపోయింది. మానిఫోల్డ్ బోల్టులు బిగిస్తే సరిపోతుందా?

సమాధానం (రాణిగంజ్‌లో మెకానిక్)

మీ 690 హద్దులోపలే ఉన్నా, మోనాక్సైడ్ అంత తక్కువగా ఉండడం చూస్తే మూడో సిలిండరులో పెట్రోలు సరిగా కాలడం లేదనే అనిపిస్తోంది. బిగించేముందు, మానిఫోల్డ్ వచ్చి సిలిండర్ హెడ్‌ను కలిసే అంచు మీద మూడో సిలిండరు దగ్గర స్ప్రే సీసాతో కాస్త నీళ్లు కొట్టి వినండి. కార్బ్ క్లీనరు వాడకండి, వేడి ఇంజను మీద నిప్పు అంటుకొనే ప్రమాదం ఉంది. నీళ్లు పడిన క్షణం ఐడ్లింగ్ మారితే ఆ రెండింటి మధ్య ఉండే ప్యాకింగ్ (గాస్కెట్) పోయినట్టే. ఇన్నేళ్లకు ఎండి బిరుసెక్కిన ప్యాకింగ్ ఎంత బిగించినా కూర్చోదు, పైగా అల్యూమినియం హెడ్‌లో మరలు తెగుతాయి. కొత్తది వేయించి, బోల్టులను మధ్య నుంచి చివరలకు రెండు విడతలుగా టార్క్ రెంచితో బిగించమనండి. మానిఫోల్డ్ విప్పినప్పుడే బ్రేక్ బూస్టర్ గొట్టం, పీసీవీ గొట్టం (ఇంజను అడుగు భాగంలోని ఆవిర్లను మానిఫోల్డ్‌లోకి పంపేది) వంచి చూసి, పగుళ్లు కనిపిస్తే మార్పించండి. నీళ్లకు ఏ మార్పూ రాకపోతే మూడో ఇంజెక్టరు ఒక్కదానినే క్లీనింగుకు ఇవ్వండి, అదీ కాకపోతే ఆ సిలిండరులో కంప్రెషన్ (పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి) చూపించాలి.