బురుజు తీసేసిన ట్యాంకును తెలుగులో ఏమందాం?

తెలుగు మాటల గురించి చర్చించుకునే మా గుంపులో నిన్న ఒక సభ్యురాలు మంచి ప్రశ్న వేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో ట్యాంకుల పైభాగం తీసేసి, లోపల సైనికుల్ని ఎక్కించుకుపోయిన బళ్లను 'కంగారూ' అనేవారు కదా, తెలుగులో అలాగే ఉంచాలా, 'సాయుధ శకటం' అనాలా అని. రెండు ముక్కల్లో తేలేది కాదు కాబట్టి విడిగా రాస్తున్నాను.

ముందు దీర్ఘం సంగతి. 'సైనికులు కంగారుల్లో ముందుకు కదిలారు' అని రాస్తే చదివేవాళ్లకు హడావుడే కనిపిస్తుంది, బండి కనిపించదు. జంతువు పేరును మనలో చాలామంది హ్రస్వంతోనే రాసేస్తాం. ఇక్కడ మాత్రం దీర్ఘం తప్పదు, పక్కన 'బండి' కూడా ఉండాలి: కంగారూ బండి.

'శకటం' నాకు ఒప్పుదల కాదు. ఒకప్పుడు బండి అనే అర్థమే, నిజమే. ఇప్పుడు శకటం అనగానే జనవరి 26న పూలతో కదిలే రాష్ట్రాల శకటాలే కళ్లముందుకొస్తాయి.

ఇక అసలు బండి ఎలా పుట్టిందో చూస్తే మాట దానంతటదే దొరుకుతుంది. 1944 ఆగస్టు, ఫ్రాన్స్‌లో కాన్ పట్టణానికి దక్షిణంగా. కాల్బలం ట్యాంకుల వెనకాల నడిచి వెళ్తే మెషిన్‌గన్లకు, మోర్టార్లకు పిట్టల్లా రాలిపోతున్నారు. కెనడా జనరల్ గై సైమండ్స్ చేతిలో ప్రీస్ట్ అనే ఫిరంగి బళ్లు ఉన్నాయి. ట్యాంకు చాసిస్ మీద 105 మి.మీ. ఫిరంగి బిగించిన బళ్లవి. ఆ ఫిరంగులు పీకించి, ముందున్న కంతకు ఇనుప రేకులు వెల్డింగ్ చేయించాడు. మందపాటి రేకు దొరకనిచోట రెండు పలుచటి రేకుల మధ్య ఇసుక పోశారు. కొద్ది రోజుల్లోనే 70కి పైగా బళ్లు తయారై, ఆగస్టు 7 రాత్రి దాడిలో కదిలాయి. ఆ పని చేసిన వర్క్‌షాపు సంకేతనామం కంగారూ. అదే బండికీ అంటుకుంది.

సైనికులు వాటికి ఇంకో పేరు పెట్టారు. ప్రీస్టుకు ఫిరంగి తీసేశారు కాబట్టి, పదవి పోయిన ప్రీస్టు (పాదిరి) అన్న అర్థంలో 'డిఫ్రాక్డ్ ప్రీస్ట్' అని. దీన్ని 'అంగీ విప్పిన పాదిరి' అంటే బట్టల దగ్గరే ఆగిపోతుంది. పాదిరి పదవిని మన కథోలికులు 'గురుపట్టం' అంటారు. 'పట్టం ఊడిన గురువు' అంటే ఆ చమత్కారం మొత్తం దక్కుతుందని నా నమ్మకం.

తరవాత కెనడాలో తయారైన రామ్ అనే ట్యాంకుల టరెట్లు, అంటే ఫిరంగితో సహా తిరిగే పైభాగాలు, తీసేసి అదే పనికి వాడారు. టరెట్‌ను 'బురుజు' అనడానికి ఎందుకు వెనకాడతామో నాకర్థం కాదు. ఊళ్లో బురుజు చూసినవాళ్లకు వివరణే అక్కర్లేదు. బురుజు పోయాక మిగిలిన హల్‌కు, అంటే ట్యాంకు ఒంటికి, 'మొండెం' అని నా సూచన. తల పోయాక మిగిలేది అదేగా.

ఇంతవరకూ రాసి గుంపులో పెడితే ఒక పెద్దాయన ఇచ్చిన జవాబు: 'మొండెం అంటే శవం గుర్తొస్తుందండీ. ప్రాణాలు కాపాడే బండికి ఆ మాట వద్దు.'

మాస్టారూ, మీరన్నది సబబే. పొద్దుట్నుంచీ అదే ఆలోచిస్తున్నాను. పైగా ఈ బళ్లు నిజంగా కాపాడేవే. ఇజ్రాయెల్ వాళ్లు యుద్ధాల్లో పట్టుకున్న సోవియట్ టీ-55 ట్యాంకుల బురుజులు తీసి అఖ్జరిత్ అనే బండి చేశారు. టీ-55 బరువు 36 టన్నులు, అఖ్జరిత్ 44. తల తీసేసినా బరువు పెరిగిందంటే ఎంత కవచం తొడిగారో చూడండి. రామ్ కంగారూలో సైనికులు పైనుంచే ఎక్కి దిగాలి, తూటాలకు ఎదురుగా. అఖ్జరిత్‌లో చిన్న ఇంజను అడ్డంగా పెట్టి, దాని పక్కన వెనక తలుపు దాకా నడవ తీశారు. ఏడుగురు వెనకనుంచే దిగిపోతారు. మన ఎద్దుమైలారం ఫ్యాక్టరీలో తయారయ్యే సారథ్ అనే సైనిక బండిలోనూ కూర్చునేది ఏడుగురే. కానీ అది 14 టన్నుల బండి, నీళ్లలో ఈదాలి కాబట్టి అంత కవచం మోయలేదు.

మొండెం పక్కనే మనకు 'మొండి' ఉంది. కప్పు పోయినా నిలబడ్డవి మొండి గోడలు. చెప్పినా కదలనివాడిదీ మొండితనమే. తెగిపోవడం, తగ్గకపోవడం రెండూ ఒకే మాటలో ఉన్నాయి. అందుకని నా సూచన మార్చుకుంటున్నాను. కంగారూ అనే పేరు పేరుగానే ఉండనిద్దాం. ఆ జాతి మొత్తానికి 'మొండి బండి' అందాం. వాక్యంలో పెట్టి చూశాను: 'తెల్లవారేసరికి మొండి బళ్లు శత్రువుల కందకాలు దాటి ఆగాయి, కాల్బలం దిగింది.' మీరూ ఒకసారి పైకి చదివి చూడండి.