‘మధ్యాహ్నం 10:30’ అని చూపే మొమెంట్‌ను దిద్దుకోవాలా, వదిలేయాలా?

లిపి:
అందరికీ నమస్కారం. మా బృందం చిన్న ఆస్పత్రుల కోసం అపాయింట్‌మెంట్ యాప్ తయారు చేస్తుంది. 2017లో రాసిన కోడు కావడంతో తేదీలన్నీ మొమెంట్ జేఎస్ అనే జావాస్క్రిప్ట్ తేదీల లైబ్రరీ మీదే నడుస్తున్నాయి. ఈ మధ్యనే తెలుగు తెరలు విడుదల చేశాం, అప్పటి నుంచి రెండు చిక్కులు వేధిస్తున్నాయి. మొదటిది, ఉదయం పదిన్నర అపాయింట్‌మెంట్‌ను యాప్ ‘మధ్యాహ్నం 10:30’ అని చూపిస్తోంది. రెండోది, ‘3 రోజులు లో’, ‘2 గంటలు క్రితం’ వంటి మాటలు తెర మీద కనిపిస్తున్నాయి.

మా కోడులో తప్పేమో అని ముందు వెతికాను. చివరికి మొమెంట్ తెలుగు లొకేల్ ఫైలు, అంటే తెలుగులో ఏ మాటలు చూపాలో రాసి ఉండే ఫైలు, తెరిస్తే విషయం అర్థమైంది. 4 గంటలలోపు రాత్రి, 10లోపు ఉదయం, 17లోపు మధ్యాహ్నం, 20లోపు సాయంత్రం, ఆ తర్వాత మళ్లీ రాత్రి అని అందులో రాసి ఉంది. హిందీ ఫైలులోనూ సరిగ్గా ఇవే హద్దులు ఉన్నాయి. మొమెంట్ నిర్వాహకులు 2020 సెప్టెంబరులోనే ఇకపై కొత్త సదుపాయాలు చేర్చబోమని ప్రకటించిన సంగతి నాకు తెలుసు. ఈ స్థితిలో మా యాప్ వరకు తెలుగు ఫైలును దిద్దుకుని కొనసాగడం మంచిదా, లేక లైబ్రరీనే మార్చేయడం మంచిదా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

పాతకోడు:
వదిలేయండి. ఇందులో ఆలోచించాల్సింది ఏమీ లేదు. నిర్వాహకులే లక్సన్, డేజేఎస్, డేట్ ఎఫ్‌ఎన్‌ఎస్, జేఎస్ జోడా అని ప్రత్యామ్నాయాలు పేరుపేరునా సూచించాక, దాన్నే పట్టుకుని వేలాడడం దేనికి?

తెలుగు మాటలకన్నా పెద్ద జబ్బు ఆ లైబ్రరీ పునాదిలోనే ఉంది. మొమెంట్ ఆబ్జెక్ట్‌కు ఏడు రోజులు కలిపితే కొత్త తేదీ రాదు, ఉన్న తేదీయే మారిపోతుంది. 2016లో నేను ఒక కళాశాల ఫీజుల యాప్ రాశాను. ప్రారంభ తేదీకి పదిహేను రోజులు కలిపి గడువు తేదీ అనే వేరియబుల్‌లో పెట్టాను. రెండు పేర్లూ ఒకే ఆబ్జెక్ట్‌ను చూపిస్తున్నాయి కనుక ప్రారంభ తేదీ కూడా పదిహేను రోజులు ముందుకు జరిగిపోయింది. గడువు దాటిన విద్యార్థులెవరికీ అపరాధ రుసుము పడలేదు. లెక్కలు తేలాక ఆ సొమ్ములో కొంత నా బిల్లులోంచి కోసుకున్నారు. అప్పటి నుంచి ఆ లైబ్రరీని నేను నమ్మలేదు.

గట్టుమీద:
పాతకోడు గారూ, మీకు జరిగిన నష్టానికి బాధగానే ఉంది. అయితే కలపడానికి ముందు నకలు తీసే క్లోన్ అని ఒక్క మాట చేర్చి ఉంటే అది జరిగేది కాదు. ఆ హెచ్చరిక మొమెంట్ పత్రాలలోనే ఉంది. పైగా లిపి గారు అడిగింది దాని గురించి కాదు.

లిపి గారూ, మీ సమస్యకు అర పూట పని చాలు. మొమెంట్‌లో అప్‌డేట్ లొకేల్ అనే సదుపాయం ఉంది. దానితో తెలుగు ఫైలును ముట్టుకోకుండానే, గంటను బట్టి ఉదయం, మధ్యాహ్నం అనే మాటను ఎంచే మెరిడియం ఫంక్షన్‌ను మీరు కోరినట్టు రాసుకోవచ్చు. ‘రోజులు లో’ సంగతి ఇంకా తేలిక. ఆ ఫైలులో బహువచనాలన్నీ ‘రోజులు’, ‘గంటలు’, ‘నెలలు’ అని ప్రథమా విభక్తిలో ఉన్నాయి. వాటి పక్కన ‘లో’, ‘క్రితం’ అతికిస్తున్నారు. చివరి అక్షరానికి ఉన్న కొమ్ము తీసేసి ‘రోజుల’, ‘గంటల’, ‘నెలల’ అని చేసి, ‘లో’కు ముందున్న ఖాళీ తొలగిస్తే ‘3 రోజులలో’, ‘3 రోజుల క్రితం’ అని చక్కగా వస్తుంది. ప్రత్యయం లేకుండా కాలవ్యవధి మాత్రమే చూపేటప్పుడు ‘3 రోజులు’ అనే ఉండాలి కాబట్టి అక్కడ స్థిరమైన మాటకు బదులు ఫంక్షన్ ఇవ్వాలి. జర్మన్ ఫైలులో ఇదే ఏర్పాటు ఉంది, వాళ్లకూ ప్రత్యయం ఉన్నప్పుడు ఒక రూపం, లేనప్పుడు ఇంకొక రూపం అవసరమవుతాయి.

చిన్నమాట:
డేజేఎస్‌కు మారండి. కేవలం 2 కేబీ ఉంటుంది, రాసే పద్ధతి దాదాపు మొమెంట్‌దే.

గట్టుమీద:
చిన్నమాట గారూ, డేజేఎస్ తెలుగు ఫైలును కూడా ఒకసారి తెరిచి చూడండి. అక్కడా ‘లో’కు ముందు ఖాళీ ఉంది, ‘రోజులు’ కొమ్ముతోనే ఉంది. ఇల్లు మారినా ఈ తప్పు మన వెంటే వస్తుంది.

ఇందూరు:
అసలు ‘ఉదయం’ అనే మాట మీదే నాకు అభ్యంతరం ఉంది. మా నిజామాబాద్ వైపు ‘పొద్దున పదిన్నరకు రమ్మన్నరు’ అంటారు. ఉదయం అనేది వార్తలు చదివేవారి మాట. హద్దు పదా పన్నెండా అని చర్చించే ముందు ఆ మాట ఎవరిదో చూడాలి కదా.

పాతకోడు:
గట్టుమీద గారూ, అర పూట పని అంటున్నారు. ఈ రోజు మెరిడియం దిద్దుతారు, రేపు ఇంకొకటి బయటపడుతుంది. తేదీల విషయంలో జావాస్క్రిప్ట్ మూలమే వంకర. 1995లో జావాలోని డేట్ క్లాసును యథాతథంగా తెచ్చుకున్నారు. నెలలను సున్నా నుంచి లెక్కించడం అక్కడి నుంచి వచ్చినదే. జావా వాళ్లు 1997లోనే ఆ క్లాసులో చాలా భాగాన్ని వాడవద్దన్నారు, మనం మాత్రం ఇంకా మోస్తున్నాం. మొమెంట్ దాని మీద కట్టిన ఇల్లు, అది కూడా నెలలను సున్నా నుంచే లెక్కిస్తుంది.

మరో సంగతి చెబుతాను. ఒక సంస్థలో పనిచేసేటప్పుడు పుట్టిన తేదీల ఫారం చేశాను. 15 ఆగస్టు ఎంచుకున్నవారికి డేటాబేసులో 14 ఆగస్టు నమోదైంది. భారత కాలమానం యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక కాలం కంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. మన అర్ధరాత్రిని యూటీసీలో రాసే ఐఎస్‌ఓ స్ట్రింగ్‌గా మార్చితే ముందు రోజు సాయంత్రం 18:30 అవుతుంది, తేదీ మాత్రమే కోసుకునేసరికి ఒక రోజు పోతుంది. రెండు వేల మంది వివరాలు చేత్తో సరిచేయాల్సి వచ్చింది. నా మీద ఫిర్యాదు వెళ్లింది, ఆ ఏడాది జీతం పెరగలేదు.

గట్టుమీద:
అది మొమెంట్ తప్పు కానే కాదు. తేదీ మాత్రమే కావలసిన చోట ఐఎస్‌ఓ ఫంక్షన్ పిలవడమే పొరపాటు. సంవత్సరం, నెల, రోజు అని ఫార్మాట్ ఇచ్చి ఉంటే 15 అనే వచ్చేది. లక్సన్‌లోనైనా, బ్రౌజర్ సొంత డేట్‌లోనైనా ఆ కోడును అలాగే యూటీసీకి మార్చి రాస్తే ఇదే జరుగుతుంది. మీరు ప్రతి గాయాన్నీ తెచ్చి లైబ్రరీ ఖాతాలో రాస్తున్నారు.

డల్లాస్‌వాసి:
నాది కొంచెం వేరే ఇబ్బంది. ఇక్కడి పిల్లలకు ఆదివారం ఉదయం 10 గంటలకు తెలుగు తరగతి నడుపుతాం, బోధించేవారు రాజమండ్రిలో ఉంటారు. వేసవిలో అది వారికి రాత్రి 8:30, నవంబరులో ఇక్కడి గడియారాలు వెనక్కి తిప్పాక రాత్రి 9:30 అవుతుంది. నేను సమయాన్ని యూటీసీలో స్థిరంగా భద్రపరచాను, దాంతో నవంబరు మొదటి ఆదివారం పిల్లలకు తరగతి ఉదయం 9 గంటలకే మొదలైనట్టు కనిపించింది. సగం మంది రాలేదు. పునరావృతమయ్యే కార్యక్రమాలకు ఊరి గడియారపు సమయాన్నీ, ఆ ఊరి టైమ్‌జోన్ పేరునూ భద్రపరచాలని అప్పుడు తెలుసుకున్నాను. ఇప్పుడు లక్సన్ వాడుతున్నాను. అది టైమ్‌జోన్ వివరాలను బ్రౌజర్ నుంచే తీసుకుంటుంది.

ఇందూరు:
డల్లాస్‌వాసి గారూ, రాజమండ్రిలో ఉన్నవారికి 8:30ను రాత్రి అని చూపిస్తుందా, సాయంత్రం అనా?

డల్లాస్‌వాసి:
నేను అంకెలే చూపిస్తున్నాను. అందువల్ల ఆ ప్రశ్న రాలేదు.

పాతకోడు:
చూశారా, అంకెలు చూపిస్తే సమస్యే లేదు. 10:30 పక్కన ఏఎం అని వేయండి, అందరికీ అర్థమవుతుంది. పదకొండేళ్లుగా యాప్‌లు చేస్తున్నాను, తెలుగు తెర వాడి ఫిర్యాదు చేసిన వినియోగదారు నాకు ఒక్కరూ తగల్లేదు. ఇక తెలుగే కావాలంటే బ్రౌజర్లలోనే ఇంటెల్ (Intl) అని, తేదీలను ఆయా భాషల్లో చూపే వసతి ఎటూ ఉంది. సాపేక్ష కాలాన్ని తెలుగులో అడిగితే ‘3 రోజుల్లో’, ‘3 రోజుల క్రితం’ అని సరిగ్గా ఇస్తుంది. కావాలంటే రేపు, ఎల్లుండి, నిన్న, మొన్న అని కూడా చెబుతుంది. మొమెంట్‌కు ఎల్లుండి తెలియదు. కొన్నాళ్లు ఆగితే టెంపొరల్ అనే జావాస్క్రిప్ట్ కొత్త తేదీల వసతి అన్ని చోట్లా వస్తుంది. ఫైర్‌ఫాక్స్ 139వ కూర్పులో 2025లోనే వచ్చేసింది. అందులో తేదీ తనంతట తాను మారదు, నెలలు ఒకటి నుంచే మొదలవుతాయి.

గట్టుమీద:
ఫిర్యాదు రాలేదు కాబట్టి తప్పు లేదని ఎలా అంటారు? ఫిర్యాదు ఇంగ్లిష్ ఫారంలో రాయాల్సి వస్తే తెలుగు తెర వాడేవారు ఎలా రాస్తారు? లిపి గారు ఎత్తిచూపిన తెలుగు ఫైలును మీరు ఈ చర్చ మొదలయ్యాకైనా తెరిచారా? తెలుగు మీకు అలంకారం. అందుకే ఏఎం అని వేసి చేతులు దులుపుకోమంటున్నారు.

లిపి:
దయచేసి ఇద్దరూ కోప్పడవద్దు. ఏఎం సరిపోతుందా లేదా అన్నదానికి నేను కళ్లారా చూసింది చెబుతాను.

మూడు వారాల క్రితం మా యాప్ వాడే ఒక ఆస్పత్రిలో రిజిస్ట్రేషన్ కౌంటర్ పక్కన నిలబడి, మనుషులు యాప్ ఎలా వాడుతున్నారో గమనిస్తున్నాను. పన్నెండున్నరకు ఒక పెద్దావిడ వచ్చింది. చేతిలో ఫోను, భుజాన గుడ్డసంచి, అందులో పాత ఎక్స్‌రేలు. డాక్టరు గారు పన్నెండుకే వెళ్లిపోయారని కౌంటరులోని అమ్మాయి చెప్పింది. ఆవిడ ఫోను ముందుకు చాపి, ‘మధ్యాహ్నం అనే కదమ్మా ఉంది, మా మనవడు చదివి చెప్పాడు’ అంది. తెర మీద ‘మధ్యాహ్నం 10:30’ అనే ఉంది. మనవడు ముందు మాట చదివి ఫోను పెట్టేశాడు, ఆవిడ అన్నం తిని బస్సెక్కింది. మళ్లీ రెండు రోజులకు వచ్చేలా నేనే సమయం మార్చి ఇచ్చాను, ఆ బస్సు ఖర్చు మాత్రం ఆవిడదే. ఏఎం అని వేసి ఉన్నా మనవడు చదివే ముందు మాట అంకె అయ్యేది, అంతవరకు మేలే. కానీ తెలుగు తెర ఎంచుకున్న ఆవిడకు తెలుగు మాట సరిగ్గా చూపించడం మా పని.

పాతకోడు:
లిపి గారూ, ఇది ముందే చెప్పి ఉంటే నేను అంత తేలిగ్గా మాట్లాడేవాడిని కాదు.

గట్టుమీద గారూ, తెలుగు నాకు అలంకారమన్నారు, అది నిజం కాదు. నాలుగేళ్ల క్రితం ఒక లైబ్రరీ తెలుగు ఫైలులో ఇలాంటి తప్పులే దిద్ది పంపాను. పేరు ఇక్కడ ఎత్తను. నిర్వాహకుడికి తెలుగు రాదు. మరొక తెలుగు మనిషి చూసి సరేనంటే చేర్చుకుంటానన్నాడు, న్యాయమైన కోరికే. నాకు తెలిసిన ముప్పై మందికి పైగా తెలుగు ప్రోగ్రామర్లను అడిగాను. ‘చూస్తాను’ అన్నవారే తప్ప చూసినవారు లేరు. ఏడాది తర్వాత కదలిక లేదని ఆ మార్పును మూసేశారు. అందుకే లైబ్రరీలలోని తెలుగును దిద్దడం మీద ఆశ వదులుకున్నాను. ఎవరో ఒకరు ఇప్పటికే సరిగ్గా రాసిపెట్టిన చోటికి, అంటే ఇంటెల్‌కు, వెళ్లిపొమ్మంటున్నాను. మీరు మీ యాప్‌లో మాత్రమే దిద్దుకోమంటున్నారు. అలా చేస్తే ఈ తప్పు తరువాతి బృందానికి అలాగే మిగిలిపోతుంది.

గట్టుమీద:
అలంకారం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. మీ ముప్పై మందిలో నేను లేను, ఉండి ఉంటే చూసేవాడినని నమ్మండి. యాప్‌లో మాత్రమే దిద్దుకోమన్నది మొమెంట్ ఇక కొత్తవి చేర్చదన్న కారణం చేతనే. డేజేఎస్ ఇంకా నడుస్తోంది. మీ దగ్గర ఆ పాత మార్పు ఉంటే దానికి తగినట్టు రాసి పంపండి, రెండో తెలుగు మనిషిగా నేను పరిశీలించి ఒప్పుదల రాస్తాను.

ఇందూరు:
మూడో మనిషిగా నేనూ చూస్తాను. కానీ ‘పొద్దున’ సంగతి తేల్చండి.

లిపి:
ఇందూరు గారూ, మా ఆస్పత్రులు వరంగల్‌లోనూ ఉన్నాయి, ఏలూరులోనూ ఉన్నాయి. ఏలూరులో ‘పొద్దున్న’ అంటారు, అది కూడా మీ ‘పొద్దున’కు దగ్గరే. అయితే ఆస్పత్రి చీటీ మీద, బస్టాండు బోర్డు మీద ఉదయం అనే మాట రెండు చోట్లా జనం చూసి అలవాటుపడ్డారు. అందుకని మాట అదే ఉంచి, హద్దు మాత్రం పన్నెండుకు జరుపుతున్నాను. ఇంకొక మార్పు కూడా చేస్తున్నాను. రక్త పరీక్షల కోసం కొందరిని 5 గంటలకే రమ్మంటారు, యాప్ దాన్ని ‘ఉదయం 5:00’ అంటోంది. 4 నుంచి 6 వరకు ‘తెల్లవారుజాము’ అని పెడుతున్నాను. ఈ వారం మొమెంట్‌లోనే దిద్ది విడుదల చేస్తాం, ఆ తర్వాత చూపించే పనిని మెల్లగా ఇంటెల్‌కు మారుస్తాం.

పాతకోడు:
తెల్లవారుజాము చేరుస్తుంటే ఒక జాగ్రత్త. చూపించే ఫంక్షన్ ఒక్కటే మారిస్తే సరిపోదు. ఆ మాటను తిరిగి చదివే చోట ‘రాత్రి, ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం’ అని నాలుగే మాటల జాబితా ఉంది. మీ ఫారంలో ఎవరైనా ‘తెల్లవారుజాము 5:00’ అని ఉన్న విలువను తిరిగి పంపితే మొమెంట్‌కు ఆ మాట తెలియదు. మెరిడియం పార్స్‌లో ఐదో మాట చేర్చండి, మెరిడియం అవర్‌లో దానికి గంటను మార్చకుండా అలాగే ఇమ్మని రాయండి. ఇరవైనాలుగు గంటలనూ ఒక్కొక్కటిగా తెలుగులోకి మార్చి, తిరిగి చదివించి, అదే గంట వస్తుందో లేదో పరీక్ష రాయండి.

లిపి:
రాశాను. ఇరవైమూడు గంటలు సరిగ్గా వచ్చాయి, 4 గంటలు మాత్రం రాలేదు. నేను రాసిన హద్దులో 4 ఇంకా రాత్రిలోనే ఉండిపోయింది, దాంతో ‘రాత్రి 4:00’ను తిరిగి చదివినప్పుడు 16 అయింది. ‘4 కంటే తక్కువ’ అనాల్సిన చోట ‘4 లేదా తక్కువ’ అని రాశాను. దిద్దాను, ఇప్పుడు ఇరవైనాలుగూ సరిపోతున్నాయి. పాతకోడు గారూ, మీ పాత మార్పు ఇక్కడ పెట్టగలరా? నేనూ గట్టుమీద గారూ ఈ శనివారం కూర్చుని చూస్తాం.