జెమ్ బిడ్‌లో టార్క్ రెంచీలు: కొని అమ్మేవారికి ఈఎండీ (బిడ్‌తో కట్టే ధరావతు) మినహాయింపు వర్తిస్తుందా?

విజయనగరంలోని ఒక టూల్స్ షాపు తరఫున అడుగుతున్నానండి. విశాఖలో ఒక రక్షణ వర్క్‌షాపు 40 టార్క్ రెంచీలకు (బోల్టును నిర్ణీత బిగుతుకు బిగించే పనిముట్లు, 40–200 న్యూటన్ మీటర్లు) ప్రభుత్వ కొనుగోళ్ల పోర్టల్ జెమ్‌లో రెండు ప్యాకెట్ల బిడ్ పిలిచింది. ముందు టెక్నికల్ కాగితాలు తెరుస్తారు, అందులో నెగ్గితేనే ధర చూస్తారు. టెక్నికల్ పీడీఎఫ్‌లో పొరపాటున రేటు కనిపిస్తే బిడ్ పోయినట్టే, అది చూసుకుంటున్నాం. జీఎస్టీ, రవాణా కలిపే రేటు వేస్తున్నాం.

తేలనిది ఉద్యమ్ (చిన్న పరిశ్రమల ప్రభుత్వ నమోదు) సంగతి. 2012 ఎంఎస్ఈ (సూక్ష్మ, చిన్న పరిశ్రమల) కొనుగోలు విధానం ప్రకారం ఎల్1 (అన్నిటికంటే తక్కువ రేటు) మీద 15 శాతం లోపు ఉన్న చిన్న పరిశ్రమ ఆ రేటుకు దిగి ఆర్డరులో వాటా పొందవచ్చు. అయితే ఈఎండీ మినహాయింపు సహా ఆ రాయితీలు సరుకుల విషయంలో తయారీదారులకే, వ్యాపారులకు కాదు. షాపు ఉద్యమ్‌లో తయారీ, అమ్మకం రెండూ ఉన్నాయి, రెంచీలు మాత్రం లూధియానా నుంచి తెప్పించేవి. మరి మినహాయింపు అడగకుండా ఈఎండీ కట్టేయడమే క్షేమమా?

ఇంకొకటి, క్లాస్-1 స్థానిక సరఫరాదారు (దేశీయ సరుకుకు ప్రాధాన్యం పొందే వర్గం) హోదాకు కావలసిన 50 శాతం స్థానిక వాటా ధ్రువపత్రం తయారీదారు లెటర్‌హెడ్ మీదే ఉండాలా, షాపుది సరిపోతుందా?

కాలిబ్రేషన్ (కొలత సరిచూసిన) సర్టిఫికెట్ సీరియల్ నంబరుతో ఒక్కో రెంచీకి విడిగా ఉంటుంది కదా. బిడ్‌తో ఒక నమూనాది పెట్టి, మొత్తం 40 సరుకుతో ఇస్తే ఒప్పుకుంటారా?

ఇలాంటి బిడ్లు వేసినవారు దయచేసి చెప్పండి, శుక్రవారంతో గడువు ముగుస్తుంది.