ఆల్కో ఇంజిన్, నీలం బోగీలు: అభిమానుల కోసం ఒక్కరోజు బండి నడపాలంటే ఏమేం కావాలి?

కాజీపేట పోరడు
మా ఇల్లు డీజిల్ కాలనీ పక్కనే. చిన్నప్పుడు రాత్రిళ్లు ఇంజిన్లు బాగుచేసే షెడ్డు వైపు నుంచి ఆల్కో ఇంజిన్, అదే అమెరికా డిజైన్ పాత డీజిల్, గుడుగుడుమని నడుస్తుంటే ఆ చప్పుడుకే నిద్ర పట్టేది. మొన్న మా బాబుకు చూపిద్దామని స్టేషన్‌కు తీసుకెళ్లి గంటన్నర నిలబడ్డాను. ఒక్క డీజిల్ కూడా రాలేదు, అన్నీ కరెంటు ఇంజిన్లే. ఇంగ్లండ్‌లో పాత డీజిళ్లకు పాత బోగీలే తగిలించి, టికెట్ పెట్టి అభిమానులను తిప్పుతారట. ఎక్కినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. మన దగ్గర అలా నడపాలంటే ఏం కావాలో షెడ్డులో చేసిన పెద్దలు కూడా రాయండి.

హన్మకొండ టు బర్మింగ్‌హామ్
నేను ఎక్కాను తమ్ముడూ. కిడ్డర్‌మిన్‌స్టర్ నుంచి బ్రిడ్జ్‌నార్త్ దాకా సెవర్న్ వ్యాలీ రైల్వే అని ఉంది, 16 మైళ్ల లైను. ఎక్కువగా స్టీమ్ బండ్లే నడుస్తాయి కానీ, ఏడాదిలో కొన్ని రోజులు డీజిళ్ల పండుగ పెడతారు. ఏ బండికి ఏ ఇంజిన్ వస్తుందో టైంటేబుల్లోనే రాసి ఉంటుంది. జనం మధ్య స్టేషన్‌లో దిగి, ఎదురుగా వచ్చే బండి ఎక్కి, ఇంకో ఇంజిన్ వెనక తిరిగి వస్తారు. ఊరు చూడటానికి వచ్చినవాళ్లు కారు, చప్పుడు వినడానికి వచ్చినవాళ్లు.

నాకు దొరికింది క్లాస్ 37 అనే డీజిల్ ఇంజిన్. 1960 నుంచి 1965 మధ్య 309 తయారు చేశారు, 1750 హార్స్‌పవర్, 12 సిలిండర్లు. బోగీలు మార్క్ 1 రకం, 1951లో మొదలైన డిజైన్. స్ప్రింగు సీట్లు, కూర్చుంటే లోపలికి దిగిపోతాం. తలుపుకు లోపల పిడి లేదు. కిటికీ అద్దం కిందికి దించి, చెయ్యి బయటపెట్టి బయటి పిడి తిప్పాలి. నాకు తెలియక తలుపు నెడుతూ నిలబడితే వెనకున్న పెద్దాయన నవ్వి తీసి చూపించాడు. ఆయన ఆ ఇంజిన్‌ను నడిపించే సంఘంలో సభ్యుడట, నెలనెలా చందా కడతాడు. సెలవు రోజుల్లో వచ్చి నట్లు తుడుస్తాడు. అక్కడ చాలా ఇంజిన్లు ఇలా పదిమంది చందాలతోనే బతుకుతున్నాయి.

డెల్టిక్ అని ఇంకొకటి ఉంది, దాని వెనక ఎక్కడం ఇంకా కుదరలేదు. 1961-62లో 22 చేశారు, ఇప్పుడు ఆరు మిగిలాయి. ఒక్కో దాంట్లో రెండు నేపియర్ ఇంజిన్లు, సిలిండర్లు త్రికోణంలో అమర్చి ఉంటాయి. మామూలు రైళ్లు తిరిగే మెయిన్ లైన్‌లో కూడా ఇలాంటి బండ్లు పొద్దున బయల్దేరి రాత్రికి తిరిగొస్తాయి. అక్కడ మాత్రం లైసెన్సు ఉన్న ఆపరేటరే నడపాలి, తల బయట పెట్టనివ్వరు.

షెడ్డు ఫిట్టర్ (రిటైర్డ్)
బాబూ, 30 ఏళ్లు ఆల్కోల మీదే చేశాను. మన దగ్గర నడిచిన ఆల్కో రకం డబ్ల్యూడీఎం-2 అంటే 16 సిలిండర్లు, 2600 హార్స్‌పవర్. 1962లో అమెరికా నుంచి తెచ్చారు, 1964 నుంచి వారణాసి రైలింజిన్ల ఫ్యాక్టరీలో మనవాళ్లే చేశారు. అసలు ఆల్కో కంపెనీ 1969లోనే ఇంజిన్లు చేయడం మానేసింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఆ ఇంజిన్‌ను బతికించింది మన షెడ్లూ వారణాసీ. ఈ మాట పిల్లలకు తెలియాలి.

ఆల్కో అనగానే అందరూ నల్ల పొగ ముచ్చట చెప్తారు కదా, అది ఎందుకొస్తుందో వినండి. డ్రైవర్ నాచ్, అంటే పవర్ మెట్టు, పెంచగానే డీజిల్ వెంటనే పెరుగుతుంది. ఇంజిన్‌లోకి గాలి నెట్టే టర్బో మాత్రం మెల్లగా వేగం అందుకుంటుంది. ఆ కొన్ని క్షణాలు గాలి చాలక నల్లగా వస్తుంది. ఇంజిన్ ఆపాక అంతా నిశ్శబ్దమైనా టర్బో ఒక్కటే సన్నగా ఈల వేస్తూ తిరుగుతుంది. నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

నడపాలంటే అసలు పని ఇక్కడుంది. చాలా రోజులు ఆగిన ఇంజిన్‌ను బటన్ నొక్కి స్టార్ట్ చేయకూడదు. ముందు బారింగ్ చేయాలి, అంటే బార్ వేసి చేత్తో తిప్పి, సిలిండర్లలో నీళ్లు చేరాయేమో చూడాలి. లీకై నీళ్లు చేరితే గాలిలాగా నొక్కుకుపోవు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఇది చెయ్యి తెలిసినవాడి దగ్గరే నేర్చుకోవాలి. మా బ్యాచ్‌లో సగం మంది పోయారు.

ఒక స్టేషన్ ముందు ఆల్కోను గద్దె మీద పెట్టారు, చూసి కడుపు తరుక్కుపోయింది. ఫిల్టర్ జాలీల మీద కూడా పెయింట్ కొట్టేశారు. లోపల గేజీలు లేవు.

డోర్నకల్ బ్రాంచ్
మణుగూరు బొగ్గు బండ్లు డీజిల్‌తో నడిచిన రోజుల్లో మా నాయిన నన్ను గార్ల స్టేషన్‌కు తీసుకుపోయేవాడు. నిండు బండిని రెండు ఇంజిన్లు గుంజుతుంటే ప్లాట్‌ఫాం బెంచీ వణికేది. ఆ బెంచీ మీద కూర్చుని పల్లీలు తిన్న రోజులు.

నీలం బోగీ
ఇంజిన్ గురించే మాట్లాడుతున్నారు, బోగీ సంగతి కూడా చూడండి. పెరంబూరులోని బోగీల ఫ్యాక్టరీ ఐసీఎఫ్ 1955లో మొదలైంది, పాత రకం బోగీ తయారీ 2018లో ఆగింది. మామూలు ఐసీఎఫ్ బోగీ కింద బెల్టుతో తిరిగే ఆల్టర్నేటర్ ఉంటుంది, పక్కనే బ్యాటరీలు. బండి నడుస్తుంటే చార్జ్ అవుతాయి, ఫ్యాన్లకూ లైట్లకూ అదే కరెంటు. అంటే ఏ ఇంజిన్ అయినా గుంజొచ్చు. కొత్త రకం ఎల్‌హెచ్‌బీ బోగీల బండికి పవర్ కారు (జనరేటర్ బోగీ) గానీ, ఇంజిన్ నుంచి కరెంటు గానీ కావాలి. కాబట్టి ఆల్కోకు సరిజోడు ఐసీఎఫ్. ఏసీ లేకుండా, కిటికీలు తెరిచే సాదా స్లీపర్లే పెట్టాలి. ఏసీ అద్దాల వెనక కూర్చుంటే ఆ చప్పుడు ఏం వినపడుతుంది?

గూడ్స్ డ్రైవర్
ఇలాంటి బండి నడపడానికి కాజీపేట-బల్లార్షా లైను మీద ఆశ పెట్టుకోవద్దు. ఢిల్లీ-చెన్నై బండ్లూ బొగ్గు బండ్లూ ఒకదాని వెనక ఒకటి. మధ్యలో సరదా బండికి దారి ఇవ్వాలంటే కంట్రోలర్‌కు టెన్షన్. పెద్దపల్లి నుంచి కరీంనగర్, జగిత్యాల మీదుగా నిజామాబాద్ లైను నయం. మెట్‌పల్లి వైపు పసుపు చేల మధ్య నుంచి పోతుంది, ఫొటోలకు కూడా బాగుంటుంది.

ఇంకొకటి. డబ్ల్యూడీఎం-2కు క్యాబ్, అంటే డ్రైవర్ గది, ఒకవైపే. తిరుగు ప్రయాణంలో ఇంజిన్ ఉండే పొడుగు బానెట్ ముందుకొస్తే సిగ్నల్ సరిగా కనపడదు, నేను ఆ బాధ పడ్డవాణ్ణే. రెండు ఇంజిన్లు వీపు వీపు కలిపి తగిలిస్తే ఎటు పోయినా ముందు క్యాబ్ ఉంటుంది. చప్పుడు కూడా రెండింతలు.

కాజీపేట పోరడు
అందరికీ దండాలు. ఫిట్టర్ సార్, ఆ బారింగ్ పద్ధతి మీరు చెప్తుంటే వీడియో తీసి పెడతాను, ఇంజిన్ లేకపోయినా మాట మిగలాలి. ఆదివారం పొద్దున ఇంటి దగ్గర ఉంటారా?

షెడ్డు ఫిట్టర్ (రిటైర్డ్)
ఉంటాను. తొమ్మిదింటికి రా, బాబును కూడా తీసుకురా. నా పాత డైరీలు తీసి పెడతాను.