అమ్మకు యాంటీ సీసీపీ పాజిటివ్ వచ్చింది, పుచ్చకాయ మానిపించాలా?

బ్రాడీపేట కుర్రాడు:
అందరికీ నమస్కారం. మాది గుంటూరు. అమ్మకు 52 ఏళ్లు. మూడు నెలలుగా పొద్దున లేవగానే వేళ్లు ముడుచుకోవడం లేదు, గంటన్నర దాకా బిగుసుకుపోయి ఉంటున్నాయి. మొన్న ఆవకాయ జాడీకి కట్టిన వాసెన ముడి విప్పలేక నన్ను పిలిచింది, ఏటా ఇరవై కిలోల కాయ ఒక్కత్తే కొట్టే మనిషి. కీళ్లవాతమేమోనని రక్తపరీక్షలు చేయిస్తే ఆర్‌ఏ ఫ్యాక్టర్ నెగటివ్, యాంటీ సీసీపీ మాత్రం 148 వచ్చింది, 20 లోపు ఉండాలని రిపోర్టులో ఉంది. డాక్టరు గారిని సోమవారం కలవాలి. ఈలోగా సీసీపీ అంటే ఏంటని వెతికితే సిట్రులిన్ అని కనిపించింది, అది పుచ్చకాయలో ఎక్కువట. ఈ ఎండలకి అమ్మ రోజూ పుచ్చకాయే తింటోంది. ఇంట్లో ఒకటే టెన్షన్, పెద్దమ్మ ఫ్రిజ్‌లో ఉన్న సగం కాయ తీసి పారేసింది. దానివల్లే వచ్చిందా? ఆర్‌ఏ ఫ్యాక్టర్ నెగటివ్ అయినా కీళ్లవాతమేనా?

కృష్ణలంక బయోకెమిస్ట్రీ:
పుచ్చకాయ తిననివ్వండి, దానికీ దీనికీ సంబంధం లేదు. పేరు మాత్రం అక్కడిదే, 1914లో జపాన్‌లో పుచ్చకాయ రసం నుంచే సిట్రులిన్ అనే అమైనో ఆమ్లాన్ని మొదట వేరు చేశారు. కానీ తిన్న సిట్రులిన్ వెళ్లి ప్రోటీన్లలో చేరడం కుదరదు, ఎందుకంటే మన జన్యువుల్లో దానికి కోడే లేదు. కిడ్నీలు దాన్ని ఆర్జినైన్ అనే ఇంకో అమైనో ఆమ్లంగా మార్చేస్తాయి.

మీ అమ్మగారి విషయంలో జరిగేది ఒంట్లోనే. ప్రోటీన్ తయారైపోయాక పాడ్ అనే ఎంజైములు దానిలోని ఆర్జినైన్‌ని సిట్రులిన్‌గా మారుస్తాయి. ఆర్జినైన్‌కి పాజిటివ్ చార్జి ఉంటుంది, సిట్రులిన్‌కి ఉండదు. బరువులో తేడా ఒక డాల్టన్ కూడా నిండదు గానీ ఆ చార్జి పోవడంతో ప్రోటీన్ మడతలు వదులవుతాయి. ఇది దానంతట అది జబ్బు కాదు, చర్మం పైపొర గట్టిపడటానికీ వెంట్రుక ఆకారానికీ కూడా కావాలి. తెల్ల రక్తకణాల్లో న్యూట్రోఫిల్స్ దీన్నే ఆయుధంగా వాడతాయి. డీఎన్‌ఏని చుట్టిపెట్టుకుని ఉండే హిస్టోన్లనే ప్రోటీన్ల చార్జిని పాడ్4 అనే రకం ఎంజైము తగ్గిస్తే చుట్టలు విడిపోతాయి, ఆ డీఎన్‌ఏని కణం బయటికి విసిరి సూక్ష్మక్రిముల్ని పట్టేస్తుంది. కృష్ణలో జాలరి విసురు వల వేసినట్టే. ఈ వలల సంగతి 2004లో బెర్లిన్ పరిశోధకులు బయటపెట్టారు.

చిక్కు ఎక్కడంటే, కొందరి రోగనిరోధక వ్యవస్థ ఇలా మారిన సొంత ప్రోటీన్లని పరాయివనుకుని యాంటీబాడీలు తయారుచేస్తుంది, యాంటీ సీసీపీ టెస్ట్ పట్టేది వీటినే. హెచ్‌ఎల్‌ఏ-డీఆర్‌బీ1 అనే జన్యువులో కొన్ని రకాలు ఉన్నవాళ్లకి ఇది ఎక్కువ, ఆ రకాలు తయారుచేసే ప్రోటీన్‌లో, ముక్కల్ని పట్టి రోగనిరోధక కణాలకి చూపించే గూటిలో ఆర్జినైన్ సరిగా పట్టదు, సిట్రులిన్ చక్కగా కూర్చుంటుంది. వాళ్లు పొగ కూడా తాగితే ముప్పు బాగా పెరుగుతుంది, పొగ ఊపిరితిత్తుల్లో పాడ్ ఎంజైముల్ని పెంచుతుంది కాబట్టి. చిగుళ్ల జబ్బు తెచ్చే పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ అనే బ్యాక్టీరియాకి సొంతంగా ఇలాంటి ఎంజైమే ఉంది, అందుకే దాని మీదా అనుమానం ఉంది.

ఆర్‌ఏ ఫ్యాక్టర్ నెగటివ్ అని ధీమాగా ఉండకండి. ఈ జబ్బు లేనివాళ్లలో నూటికి సుమారు 95 మందికి యాంటీ సీసీపీ నెగటివే వస్తుంది. కీళ్లవాతాన్ని గుర్తించే 2010 ప్రమాణాల ప్రకారం పరిమితికి మూడు రెట్లు దాటితే గట్టి పాజిటివ్, మీది ఏడు రెట్లు దాటింది. తేల్చాల్సింది మాత్రం కీళ్లు పట్టి చూసే డాక్టరే.

సత్యనారాయణపురం అక్క:
తమ్ముడూ, నాదీ ఇదే కథ, ఆర్‌ఏ ఫ్యాక్టర్ నెగటివ్, సీసీపీ పాజిటివ్. మొదట చూపించుకున్న చోట వయసు నొప్పులన్నారు, ఎనిమిది నెలలు నూనెలు రాసుకుంటూ గడిపాను, ఎక్స్‌రే తీసేసరికి కుడి మణికట్టు ఎముక అరిగి ఉంది. అది తిరిగి రాదు. అందుకే చెబుతున్నా, కీళ్లవాతం చూసే రుమటాలజిస్టుకే చూపించండి, సోమవారం దాటనివ్వకండి. ఈ జబ్బుకిచ్చే మెథోట్రెక్సేట్ అనే మందు రాస్తే అది వారానికి ఒక్కసారే, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. నేను బుధవారం అని క్యాలెండర్‌లో గుండ్రం చుట్టి, వేసుకున్నాక టిక్కు పెడతాను. అమ్మని చూసుకో.

బ్రాడీపేట కుర్రాడు:
చాలా థ్యాంక్స్ అక్కా, థ్యాంక్స్ సార్. అడిగితే ఇప్పుడు చెబుతోంది, రెండేళ్లుగా చిగుళ్ల నుంచి రక్తం వస్తోందట, పళ్ల డాక్టరుకి కూడా చూపిస్తాను. మందులు వాడాక ఈ 148 తగ్గిందో లేదో మళ్లీ చేయించాలా? నాకూ చెల్లికీ టెస్ట్ అవసరమా?

కృష్ణలంక బయోకెమిస్ట్రీ:
ఆ అంకె వెంట పడకండి, మందు పనిచేస్తోందా అన్నది వాపులు, పొద్దుటి బిగుతు, ఒంట్లో వాపుని కొలిచే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు చూసి చెబుతారు. మీ ఇద్దరికీ కీళ్ల బాధ ఏమీ లేకపోతే టెస్ట్ అక్కర్లేదు. ఈ యాంటీబాడీలు జబ్బుకి ఏళ్ల ముందే కనిపించొచ్చు, కనిపించినంత మాత్రాన అందరికీ జబ్బు రాదు. మీకు సిగరెట్ అలవాటుంటే మాత్రం ఈరోజే ఆపేయండి.